ఎకానమీ సీట్లతో మొదలై గోల్డ్ హోదా దాకా: నా అనుభవం

2025 అక్టోబరు మధ్యలో నా ఫ్లయింగ్ బ్లూ ఖాతాలో సిల్వర్ పోయి గోల్డ్ వచ్చింది. ఎయిర్ ఫ్రాన్స్, నెదర్లాండ్స్‌కు చెందిన కేఎల్ఎం సంస్థలు కలిసి నడిపే, ఎక్కువగా తిరిగేవారికి హోదాలు ఇచ్చే తరచు ప్రయాణికుల పథకం అది. ఆ హోదా రావడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది. నిబంధనలు చదివితే అంతా కూడికల లెక్కలాగే ఉంటుంది గానీ, ఆ కూడిక ఎక్కడ తెగుతుందో, తెగినప్పుడు ఎవరిని ఏ కాగితంతో అడగాలో ప్రయాణాలు మొదలుపెట్టాక గానీ తెలియదు. ఈ దారిలో అడుగుపెట్టాలనుకునేవారికి ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తున్నాను.

నేను యూరప్‌లో ఉంటాను. 2024 సెప్టెంబరులో ఆఫీసు నాకు అప్పగించిన పని వల్ల వచ్చే ఏడాదంతా సింగపూర్‌కూ న్యూయార్క్‌కూ తిరగక తప్పదని తేలింది. టికెట్లు ఆఫీసే కొంటుంది, కాని ఎకానమీలోనే. ఎలాగూ అన్ని గంటలు విమానాల్లో గడపాలి కాబట్టి, కొనే ప్రతి టికెట్టూ ఒకే ఖాతాలో జమపడి ఏదో ఒక హోదాకు దారితీసేలా చూసుకోవాలనుకున్నాను. ఇక్కడ మొదట గ్రహించాల్సిన సంగతి ఏమిటంటే, మనం ఎక్కే విమానం ఏ సంస్థదో, మన పాయింట్లు ఆ సంస్థ పథకంలోనే వేసుకోవాలన్న నియమం లేదు. స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్ అనే మూడు పెద్ద కూటముల్లో ఏ కూటమి సంస్థ విమానం ఎక్కినా, అదే కూటమిలోని మరో సంస్థ పథకంలో ఆ ప్రయాణాన్ని జమ చేసుకోవచ్చు. అందుచేత ఏ విమానం ఎక్కాలన్నది ఒక నిర్ణయమైతే, ఏ పథకంలో చేరాలన్నది అంతకంటే పెద్ద నిర్ణయం. దానికి నేను రెండు వారాలకు పైగా కూర్చుని లెక్కలు వేశాను.

సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి క్రిస్‌ఫ్లయర్‌లో గోల్డ్ రావాలంటే 12 నెలల్లో 50,000 ఎలైట్ మైళ్లు, అంటే హోదా కోసం లెక్కించే మైళ్లు కావాలి. నేను విమానం మారే ప్యారిస్ నుంచి సింగపూర్‌కు దూరం 6,600 మైళ్ల పైచిలుకు. అయితే ఎకానమీలో అన్నిటికంటే చవక రకం టికెట్టుకు ఆ దూరంలో సగమే ఎలైట్ మైళ్లుగా వస్తుంది కాబట్టి, రానూపోనూ ప్రయాణానికి ఏడు వేల లోపే పడతాయి. ఆ లెక్కన నా ప్రయాణాలన్నీ కలిపినా గోల్డ్‌కు దరిదాపుల్లోకి కూడా రావు. లుఫ్తాన్సా బృందం వారి మైల్స్ అండ్ మోర్ 2024 జనవరి నుంచి పాయింట్ల పద్ధతికి మారింది. అందులో సెనేటర్ హోదాకు 2,000 పాయింట్లు కావాలి, వాటిలో సగం ఆ పథకంలో నేరుగా భాగమైన సంస్థల విమానాల్లోనే సంపాదించాలి. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో అప్పటికి సిల్వర్‌కు 600 టియర్ పాయింట్లు (హోదా పాయింట్లు), వాటితోపాటు సొంత విమానాల్లో నాలుగు ప్రయాణాలు ఉండేవి.

స్కైటీమ్ కూటమికి చెందిన ఫ్లయింగ్ బ్లూ లెక్క వీటన్నిటికీ భిన్నం. అక్కడ హోదాను నిర్ణయించేవి మైళ్లు కావు, ఎక్స్‌పీ అనే వేరే పాయింట్లు. టికెట్టు ధర ఎంతైనా ఎక్స్‌పీ మారదు; విమానం ఎంత దూరం వెళుతుంది, ఏ తరగతిలో కూర్చున్నాం అన్నవి మాత్రమే చూస్తారు. 2,000 మైళ్ల లోపు అంతర్జాతీయ ప్రయాణానికి ఎకానమీలో 5, 2,000 నుంచి 3,500 మైళ్ల దాకా 8, 3,500 నుంచి 5,000 దాకా 10, ఆ పైన 12 ఇస్తారు. ప్రీమియం ఎకానమీలో దానికి రెట్టింపు, బిజినెస్ క్లాసులో మూడు రెట్లు. సిల్వర్‌కు 100, గోల్డ్‌కు 180, ప్లాటినమ్‌కు 300 కావాలి. ఈ పద్ధతిలో చవక టికెట్టుకు శిక్ష లేదు. పైగా నేను ఉండే చోటి నుంచి దూరదేశాలకు వెళ్లాలంటే ప్యారిస్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో విమానం మారాలి కాబట్టి, ప్రయాణంలోని ప్రతి ముక్కకూ, అంటే ఎక్కే ఒక్కో విమానానికీ, విడిగా ఎక్స్‌పీ వస్తుంది. ఎవరైనా నేరుగా వెళ్లే విమానాన్నే కోరుకుంటారు గానీ ఈ లెక్కలో మాత్రం మజిలీ ఉన్నవారికే లాభం.

హద్దుల దగ్గర మరింత జాగ్రత్తగా చూడాలని కూడా అప్పుడే అర్థమైంది. ప్యారిస్ నుంచి మాంట్రియల్‌కు 3,400 మైళ్ల పైచిలుకు, అంటే 8 ఎక్స్‌పీ మాత్రమే. న్యూయార్క్‌కు 3,600 మైళ్లు దాటుతుంది కాబట్టి 10. విమానంలో గడిపే సమయంలో పెద్ద తేడా ఉండదు, ఖాతాలో మాత్రం తేడా పడుతుంది.

ఇంకొక విషయం నిబంధనల్లో స్పష్టంగానే ఉంటుంది గానీ చాలామంది దాని మీదుగా దాటిపోతారు. గోల్డ్‌కు 180 అంటే సున్నా నుంచి 180 కాదు. ముందు 100 చేరితే సిల్వర్ వస్తుంది, ఆ 100 ఖాతాలోంచి తీసేస్తారు, మిగిలినవి మాత్రం కొత్త లెక్కలోకి వస్తాయి, అక్కడి నుంచి 12 నెలల్లో మళ్లీ 180 సంపాదించాలి. అంటే మొత్తం 280. కాగితం మీద నా ప్రయాణాలు దానికి సరిపోయేలా కనిపించాయి, కాని చాలా ఇరుకుగా. ఒక్క ప్రయాణం రద్దయినా లెక్క తప్పుతుంది. అయినా చేరాను.

ఖాతా తెరవడం ఐదు నిమిషాల పని. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు ఏ వరుసలో, ఏ అక్షరాలతో ఉన్నాయో ఖాతాలోనూ టికెట్టులోనూ అచ్చం అలాగే ఉండాలి. పొడి అక్షరాలతో పేరు రాసుకునే అలవాటు ఉన్నవారు దీన్ని మరీ శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే పేరు కలవకపోతే ఆ ప్రయాణం ఖాతాలో పడదు, ఆ తరువాత అది నేనేనని రుజువు చేసుకోవడం పెద్ద తతంగం. ఆఫీసుకు టికెట్లు కొనిపెట్టే ఏజెన్సీకి నా సభ్యత్వ సంఖ్యను రాతపూర్వకంగా పంపి, ప్రతి బుకింగ్‌లోనూ చేర్చమని కోరాను. చేర్చారో లేదో ప్రతిసారీ చెక్-ఇన్ సమయంలో నేనే మళ్లీ చూసుకోవడం పనిగా పెట్టుకున్నాను.

నవంబరు మొదట్లో సింగపూర్ ప్రయాణంతో లెక్క మొదలైంది. వెళ్లేటప్పుడు 5, 12, వచ్చేటప్పుడు 12, 5, మొత్తం 34. ఇల్లు చేరిన రెండో రోజుకే నాలుగు ముక్కలూ ఖాతాలో విడివిడిగా కనిపించాయి. వాటితోపాటు మైళ్లు కూడా పడ్డాయి. మైళ్లకు టికెట్టు ధరే ఆధారం, ఒక యూరోకు కొత్త సభ్యుడికి 4, గోల్డ్ సభ్యుడికి 7. మైళ్లతో ఉచిత టికెట్లు కొనుక్కోవచ్చు, హోదాకు మాత్రం అవి పనికిరావు. అలాగే మైళ్లతో కొన్న టికెట్టు మీద ప్రయాణిస్తే ఎక్స్‌పీ రాదు. ఈ రెండు ఖాతాలనూ వేరుగా చూడటం అలవాటైతే సగం గందరగోళం తగ్గుతుంది.

డిసెంబరు చివర్లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన పథకాన్ని 2025 ఏప్రిల్ 1 నుంచి దూరం మీద కాక ఖర్చు మీద ఆధారపడేలా మార్చేస్తున్నట్టు ప్రకటించింది. సిల్వర్‌కు 7,500, గోల్డ్‌కు 20,000 పాయింట్లు, పౌండుకు ఒక పాయింటు చొప్పున. ఆ పథకాన్ని నమ్ముకుని ఏళ్ల తరబడి ప్రయాణాలు అల్లుకున్న సహోద్యోగి ఒకరు ఆ వారమంతా దిగులుగా కనిపించారు. నాకూ కొంత భయం వేసింది. ఈ హోదాలన్నీ సంస్థలు తమంతట తాము ఇచ్చేవి, నియమాలు మార్చే హక్కు కూడా వాళ్లదే. అందుకని రెండేళ్ల తరువాతి లాభాన్ని ఊహించుకుని ఇవాళ డబ్బు పెట్టకూడదన్న నిర్ణయానికి అప్పుడే వచ్చాను.

2025 జనవరిలో న్యూయార్క్. వెళ్లేటప్పుడు 15, వచ్చేటప్పుడు 15 రావాలి. తిరుగు ప్రయాణంలో సముద్రం దాటే విమానం భాగస్వామి సంస్థ నడిపింది. వారం గడిచింది, పది రోజులు గడిచాయి, చిన్న ముక్క తాలూకు 5 వచ్చాయి గానీ పెద్ద ముక్క తాలూకు 10 రాలేదు. అప్పుడు బోర్డింగ్ పాస్ తీసి చూస్తే నా సభ్యత్వ సంఖ్య ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. బుకింగ్‌లో ఉన్న సంఖ్య ఆ సంస్థ చెక్-ఇన్ వ్యవస్థలోకి చేరలేదన్నమాట.

ఇలాంటప్పుడు ఏం అడుగుతారో చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే వదిలేసుకుంటారు. మొదట టికెట్టు నంబరు. అది బుకింగ్‌కు ఇచ్చే ఆరు అక్షరాల సంకేతం కాదు. 13 అంకెలు ఉండే వేరే సంఖ్య. అందులో మొదటి మూడు అంకెలు టికెట్టు జారీ చేసిన సంస్థను సూచిస్తాయి, ఎయిర్ ఫ్రాన్స్‌కు 057, కేఎల్ఎం‌కు 074, డెల్టాకు 006 ఇలా. రెండవది బుకింగ్ తరగతిని తెలిపే ఒక్క అక్షరం. ఎకానమీ అన్నది ఒకటే అయినా అందులో ఎన్నో అక్షరాలు ఉంటాయి, భాగస్వామి సంస్థల విషయంలో కొన్ని అక్షరాలకు ఏమీ రాదు కూడా. మూడవది బోర్డింగ్ పాస్. ఫోన్‌లోని బోర్డింగ్ పాస్ ప్రయాణం అయిపోయిన కొద్ది రోజులకు యాప్‌లోంచి మాయమవుతుంది. విమానాశ్రయంలో ఇచ్చే కాగితం ముక్కేమో వేడితో అచ్చు పడే రకం, నాలుగు వారాలు పర్సులో ఉంటే అక్షరాలు వెలిసిపోయి తెల్ల కాగితం అవుతుంది. నా దగ్గర ఉన్నదాని మీద విమానం నంబరు చివరి అంకె అప్పటికే ఆనవాలుగా మిగిలింది. అదృష్టం కొద్దీ విమానం ఎక్కేముందు ఫోటో తీసి పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ప్రతి బోర్డింగ్ పాస్‌నూ సీట్లో కూర్చోగానే ఫోటో తీయడం, సీటు నంబరు, అక్షరం, సభ్యత్వ సంఖ్య మూడూ కనిపించేలా చూడటం నియమంగా పెట్టుకున్నాను.

ఫిబ్రవరి మధ్యలో అర్జీ పెట్టాను. ప్రయాణ వివరాలు భాగస్వామి సంస్థ నుంచి ధ్రువపడాలని జవాబు వచ్చింది. ఆ సంస్థ నుంచి కదలిక లేక ఆరు వారాలు పట్టింది. ఈలోగా మార్చిలో మరో సింగపూర్ ప్రయాణం చేసి వచ్చాను. ఖాతాలో 88 కనిపిస్తోంది, న్యాయంగా ఉండాల్సింది 98. పది పాయింట్లు చిన్న సంగతే కదా అని ఇంట్లో అన్నారు. నేను కూర్చున్న సీటు, నేను గడిపిన రాత్రి, అయినా లెక్కలో లేదంటే మనసు ఒప్పుకోలేదు. మార్చి ఆఖరి రోజుల్లో ఆ పది వచ్చాయి.

మే నెలలో పని మీద ఒక చిన్న ప్రయాణం తగిలింది. రానూపోనూ 10. దాంతో 108 అయి సిల్వర్ వచ్చింది, 100 పోగా మిగిలిన 8 కొత్త లెక్కలోకి వెళ్లాయి, కొత్త 12 నెలలు మొదలయ్యాయి. సిల్వర్ వల్ల నాకు తెలిసొచ్చిన మార్పు చెక్-ఇన్ దగ్గర పొట్టి వరుస, విమానంలోకి కాస్త ముందుగా పిలుపు. విమానాశ్రయంలోని విశ్రాంతి గది, అంటే లాంజ్‌లోకి ప్రవేశం ఉండదు. స్కైటీమ్ కూటమిలో దీన్ని ఎలైట్ అంటారు, గోల్డ్‌ను ఎలైట్ ప్లస్ అంటారు. తేడా అంతా ఆ రెండోదానిలోనే ఉంది.

ఈ ఏడాదిలో నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించి చేసిన పని జూన్‌లో టోక్యోకు కొన్న బిజినెస్ క్లాసు టికెట్టు. అది ఆఫీసు డబ్బు కాదు, నా సొంతం. మా చెల్లెలు అక్కడ చదువుకుంటోంది, దాని దగ్గరికి వెళ్లాలని రెండేళ్లుగా అనుకుంటూ డబ్బు దాచుకుంటున్నాను. మా ఊరి నుంచి బిజినెస్ క్లాసు ధర చూస్తే ఎకానమీకి నాలుగు రెట్లకు పైనే ఉంది. అదే ప్రయాణం స్టాక్‌హోమ్ నుంచి మొదలుపెడితే, అదే ప్యారిస్ మీదుగా, అవే తేదీల్లో, రెండున్నర రెట్లకు దొరికింది. విమాన టికెట్టు ధరను దూరం నిర్ణయించదు, ఏ ఊరి నుంచి బయలుదేరే ప్రయాణికుల కోసం ఎంత పోటీ ఉందన్నది నిర్ణయిస్తుంది. ఈ సంగతి వినడం వేరు, మన కళ్లముందు ధర సగానికి దగ్గరగా పడిపోవడం చూడటం వేరు.

అయితే ఆ తగ్గింపు మొత్తం చేతికి రాదు. స్టాక్‌హోమ్‌కు వెళ్లడానికి, తిరిగి రావడానికి వేరే టికెట్టు కొనాలి. రెండూ వేర్వేరు టికెట్లు కాబట్టి మొదటి విమానం ఆలస్యమైతే రెండో దాని బాధ్యత ఎవరికీ ఉండదు. అందుకని ముందురోజు సాయంత్రమే వెళ్లి ఒక రాత్రి హోటల్లో ఉన్నాను. సామాను కూడా అక్కడ తీసుకుని, మర్నాడు మళ్లీ అప్పగించాలి. అన్నీ కలుపుకుంటే నాకు మిగిలింది ధరల తేడాలో సగం కంటే కొంచెం ఎక్కువ. ఎవరికైనా స్టాక్‌హోమ్ నుంచి మొదలయ్యే మొదటి ముక్క వదిలేసి ప్యారిస్‌లో ఎక్కవచ్చు కదా అనిపిస్తుంది. అలా మొదటి ముక్క వదిలేస్తే టికెట్టులోని మిగతా ముక్కలన్నీ రద్దవుతాయి. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా విని ప్రయోగం చేయవద్దని నా విన్నపం.

2024 సెప్టెంబరు 1న స్కాండినేవియా దేశాల విమాన సంస్థ ఎస్‌ఏఎస్ స్టార్ అలయన్స్ విడిచి స్కైటీమ్‌లో చేరింది కాబట్టి, స్టాక్‌హోమ్‌కు వెళ్లొచ్చిన చిన్న విమానాలకు కూడా ఐదేసి ఎక్స్‌పీ వచ్చాయి. టోక్యోకు 15, 36. తిరిగి 36, 15. అన్నీ కలిపి ఆ ఒక్క ప్రయాణానికే 112. సిల్వర్ తరువాత మిగిలిన 8తో కలిపి 120. ఎకానమీలో నెలల తరబడి తిరిగినదానికంటే ఎక్కువ ఈ ఒక్కసారే రావడం చూస్తే సంతోషంతోపాటు కొంచెం కష్టంగా కూడా అనిపించింది. కాళ్లు చాపుకునే చోటు లేక పన్నెండు గంటలు కూర్చున్న రాత్రికి 12, హాయిగా పడుకున్న రాత్రికి 36. పాయింట్ల కోసమే అయితే ఈ టికెట్టు కొనేవాణ్ణి కాను, ఇంకెవరినీ కొనమని చెప్పను. ఎలాగూ వెళ్లాల్సిన ప్రయాణం, ఎలాగూ ఖర్చు పెట్టదలచిన డబ్బు అయితేనే ఈ లెక్క నప్పుతుంది.

జులైలో సింగపూర్, మరో 34. మొత్తం 154. ఆగస్టు చివరి వారంలో న్యూయార్క్ వెళితే వెళ్లేటప్పుడు 15, వచ్చేటప్పుడు 15, మొత్తం 184. అంటే తిరుగు విమానం దిగేసరికి గోల్డ్. వెళ్లే ముక్కలు రెండూ సవ్యంగా పడి ఖాతా 169కి చేరింది.

తిరుగు ప్రయాణం రోజు మధ్యాహ్నం నుంచే ఉరుములు, మెరుపులు. వేసవి చివర్లో న్యూయార్క్ విమానాశ్రయాలకు అది మామూలేనట. నా విమానం మొదట గంట ఆలస్యమన్నారు, తరువాత మూడు గంటలన్నారు, రాత్రి తొమ్మిది దాటాక రద్దు చేశారు. కౌంటర్ ముందు వరుస హాలు చివరిదాకా పెరిగింది. సిల్వర్ ఉన్నందువల్ల పక్కనున్న పొట్టి వరుసలో నిలబడగలిగాను, అయినా నా వంతు వచ్చేసరికి గంట దాటింది. అక్కడి ఉద్యోగి ఎంతో ఓపికగా మాట్లాడారు.

"ఈ రాత్రికే బయలుదేరే విమానంలో ఒక సీటు ఉంది. కాకపోతే అది మా కూటమి సంస్థది కాదు. మా విమానమే కావాలంటే ఎల్లుండి సాయంత్రం దాకా ఆగాలి."

ఎల్లుండి దాకా ఆగితే గోల్డ్ ఖాయం. మర్నాడు రాత్రికి ఇంటికి చేరకపోతే మా అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లేవారు లేరు. ఆలోచించాల్సిన పని లేకపోయింది. "ఈ రాత్రి విమానమే ఇవ్వండి. ఒక్క మాట, ఈ మార్పు నేను కోరింది కాదని, విమానం రద్దయినందువల్ల మీరే చేశారని రాసి ఉన్న కాగితం ఏదైనా ఇస్తారా?" అని అడిగాను. ఆమె వెంటనే రద్దు ధ్రువపత్రం ఒకటి అచ్చు తీసి ఇచ్చారు. ఆ కాగితం ఎంత విలువైనదో రెండు నెలల తరువాత తెలిసింది.

వేరే కూటమి విమానం ఎక్కాను కాబట్టి ఖాతాలో సహజంగానే ఏమీ పడలేదు. ఇలాంటి సందర్భాల్లో, మార్పు మన ప్రమేయం లేకుండా జరిగినట్లయితే, మొదట కొన్న టికెట్టు ప్రకారం పాయింట్లు ఇవ్వమని అడిగే అవకాశం ఉంటుంది. అది తనంతట తాను జరగదు, అడగాలి. సెప్టెంబరు మొదటి వారంలో అడిగాను. వారానికి జవాబు వచ్చింది, కాగితాలు పంపమని. పాత టికెట్టు రసీదు, కొత్త టికెట్టు రసీదు, రద్దయిన విమానానికి అప్పటికే తీసుకున్న బోర్డింగ్ పాస్ ఫోటో, ఎక్కిన విమానం బోర్డింగ్ పాస్, ఆ రద్దు ధ్రువపత్రం, అన్నీ ఒకే ఫైలుగా చేసి పంపాను. ఆ తరువాత నెల రోజులు ఎదురుచూపే.

ఆ నెలలో నేను పడిన ఆరాటం దాచను. రోజూ పొద్దున్నే ఖాతా తెరిచి 169 చూసి మూసేవాణ్ణి. కావలసింది 11. ఒక చిన్న ప్రయాణం రానూపోనూ కొంటే వచ్చేది 10, అంటే ఒక్కటి తక్కువ; మధ్యలో విమానం మారేలా కొంటేనే సరిపోతుంది. శని ఆదివారాలు చూసి, ఎక్కడికో ఒక చోటికి, ఏ పనీ లేకుండా వెళ్లి రావడానికి టికెట్టు వెదికిన రాత్రులున్నాయి. పర్యావరణానికి మేలైన విమాన ఇంధనం కోసం అదనంగా చెల్లించినవారికి కొంత ఎక్స్‌పీ ఇచ్చే ఏర్పాటు కూడా ఫ్లయింగ్ బ్లూలో ఉంది, దాని గురించీ ఆలోచించాను. చివరికి రెండూ చేయలేదు. కొత్త 12 నెలల్లో ఇంకా చాలా సమయం మిగిలి ఉంది, నవంబరులో ఎలాగూ సింగపూర్ ఉంది, అప్పుడైనా చేరతాను కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను. ఇలాంటి చివరి పాయింట్ల కోసం అనవసర ప్రయాణాలు కొనేవాళ్లను నేను చూశాను, వారి మనసు ఇప్పుడు నాకు బాగా అర్థమవుతుంది.

అక్టోబరు మధ్యలో 15 పడ్డాయి. 184 అయి గోల్డ్ వచ్చింది, 4 మిగిలాయి.

నవంబరు సింగపూర్ ప్రయాణంలో మొదటిసారి దాన్ని వాడుకున్నాను. స్కైప్రయారిటీ అని రాసిన కౌంటర్ దగ్గర ముందు ఇద్దరే ఉన్నారు. అదనంగా ఒక పెట్టెకు డబ్బు కట్టనక్కర్లేకపోయింది. ఇంతకుముందు ఇలాంటి పెట్టెకు కట్టిన రుసుముతో పోలిస్తే నాకు కంటికి కనిపించిన లాభం ఇదే. ప్యారిస్‌లో మజిలీ దాదాపు ఐదు గంటలు, ఆ సమయమంతా లాంజ్‌లో స్నానం చేసి, భోజనం చేసి, ఒక మూల కుర్చీలో నిద్రపోయాను. ఎకానమీ టికెట్టు మీద రాత్రి ప్రయాణం చేయబోయేవారికి ఆ స్నానం ఎంత ఊరటో అనుభవిస్తేనే తెలుస్తుంది. సభ్యుడితోపాటు మరొకరిని కూడా రానిస్తారు, అయితే ఆ వచ్చేవారు కూడా ఆ రోజు స్కైటీమ్ విమానంలోనే వెళుతూ ఉండాలి. మన చేతిలో గోల్డ్ ఉన్నా, వేరే కూటమి విమానం ఎక్కబోతుంటే తలుపు తెరవరు. ఆగస్టు రాత్రి నాకు గోల్డ్ ఉండి ఉన్నా చివరి రెండు గంటలు బయటే కూర్చోవలసి వచ్చేది.

పెట్టెలకు ప్రత్యేకమైన చీటీ కడతారు, అవి ముందుగా బయటికి రావాలి. వెళ్లేటప్పుడు బెల్టు మీద మొదటి పది పెట్టెల్లో నాది వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు అందరి పెట్టెల మధ్యలో వచ్చింది. విమానాశ్రయంలో సామాను దించేవారి మీద ఆధారపడిన సౌకర్యం కాబట్టి దీన్ని లెక్కలో వేసుకోకపోవడం మేలు.

ఇప్పుడు మళ్లీ కొత్త 12 నెలల లెక్క నడుస్తోంది. మిగిలిన 4కు నవంబరు ప్రయాణం తాలూకు 34 కలిసి 38 అయ్యాయి. గోల్డ్ నిలబడాలంటే ఇంకా 142 కావాలి. ఆఫీసు పని వచ్చే వేసవి దాకా ఇలాగే ఉంటుందంటున్నారు, అలా ఉంటే ఎకానమీ ప్రయాణాలతో వంద దాటుతాను, 180కి చేరకపోవచ్చు. చేరకపోతే అడుగుకు పడిపోను, ఒక మెట్టు దిగి సిల్వర్‌లో ఉంటాను. సొంత డబ్బుతో ఇంకో బిజినెస్ క్లాసు టికెట్టు కొనే ఉద్దేశం మాత్రం లేదు.